పెళ్లి గుర్రానికి ఏ ఇంజక్షన్ ఇచ్చారు? "టీటీ అనుకుంటా"

పోయిన వారం శంషాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్‌లో మా ఫ్రెండ్ పెళ్లి. బరాత్‌కి ముందు గుర్రం పక్కన రీల్ తీస్తుంటే, అది ముందు కాలు ఎత్తిపెట్టుకుని నిలబడింది. ఏమైందన్నా అని అడిగా. "మొన్న మేకు గుచ్చుకుంది తమ్ముడూ. ఇంజక్షన్ ఇప్పించిన, ఫికర్ లేదు" అన్నాడు. ఏ ఇంజక్షన్ అంటే, "టీటీ అనుకుంటా." ఆ "అనుకుంటా" గురించే ఇవాళ్టి ఎపిసోడ్.

ధనుర్వాతం, అంటే టెటనస్ బ్యాక్టీరియా, మట్టిలో, గుర్రపు లద్దెలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పెంపుడు జంతువుల్లో దానికి అన్నిటికంటే తేలిగ్గా దొరికేది గుర్రమే. డెక్కలో మేకు దిగితే గాయం పైన మూసుకుపోయి లోపల గాలి ఆడదు. దానికి కావాల్సిందీ అదే. చెవులు బిగుసుకుంటాయి, కంటి మీదకి మూడో రెప్ప వస్తుంది, దవడ పట్టేస్తుంది, చిన్న చప్పుడుకే ఒళ్లంతా కొయ్యబారుతుంది. డీజే ముందు అలాంటి గుర్రాన్ని ఊహించుకోండి. వైద్యం చేసినా చాలావరకు బతకవు.

ఇక్కడే కన్ఫ్యూజన్. టెటనస్‌కి ఇంజక్షన్లు రెండు రకాలు. యాంటీటాక్సిన్ అంటే రెడీమేడ్ రక్షణ, వెంటనే పనిచేస్తుంది, కొన్ని వారాల్లో అయిపోతుంది. టాక్సాయిడ్ అసలు టీకా. 4 నుంచి 6 వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా బూస్టర్. టీకా ఎప్పుడూ పడని గుర్రానికి గాయమయ్యాక టాక్సాయిడ్ ఒక్కటే ఇస్తే, అది పనిచేసేలోపే జబ్బు రావచ్చు. అందుకే డాక్టర్లు రెండూ వేర్వేరు చోట్ల ఇస్తారు.

ఫ్లూ సంగతి వేరే, దగ్గుతోనే అంటుకుంటుంది. 2008లో కట్రాలో మొదలై చాలా రాష్ట్రాలకి పాకింది. దానికీ, రేబిస్‌కీ టీకాలున్నాయి. గ్లాండర్స్‌కి మాత్రం లేదు. అది మనుషులకీ వస్తుంది, గుర్రానికి నిర్ధారణ అయితే చంపేయాల్సిందే.

తమాషా చూడండి. విదేశీ గుర్రాలు దిగడానికి అనుమతి ఉన్న కొద్ది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. వాటికి సర్టిఫికెట్లు, క్వారంటైన్. ఎయిర్‌పోర్ట్ గోడకి ఇవతల బరాత్ గుర్రానికి "అనుకుంటా".

మర్నాడు ఆ అన్న గుర్రాన్ని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాడు. ఈసారి చీటీ ఫొటో పంపాడు, మందు పేరుతో సహా. రెండో డోసుకి ఇద్దరం ఫోన్లలో రిమైండర్ పెట్టుకున్నాం.