చుక్కయా? ధూళియా?

పాత కాగితములు లేని ఇల్లు అరుదు. తాతగారి రసీదు, నాయనమ్మగారి నికాహ్‌నామా, పొలము పత్రము, పాఠశాల ధ్రువపత్రము - ఏదో ఒకటి ప్రతి ఇంటను పెట్టె అడుగున భద్రముగా నుండును. 1948కి పూర్వము హైదరాబాదు సంస్థానమున పాలనాభాష ఉర్దూ. కావున తెలంగాణలో ఇంట తెలుగే మాటలాడు కుటుంబముల పెట్టెలలో సైతము ఉర్దూ కాగితములు కానవచ్చుచుండును.

గత విద్యాసంవత్సరమున మన విద్యార్థి యొకడు తన ముత్తాతగారి కాలపు రసీదు నకలు నొకదానిని నాకు చూపెను. అసలు కాగితము తేమ తగిలి మరకలు పడినదట. జిరాక్సు దుకాణమున స్కాను చేయించి, కంప్యూటరులో శుభ్రము చేయించి తెచ్చెను. "సార్, ఒక్క మరకయు లేదు చూడండి" అని సంతోషముతో చెప్పెను. నిజమే, కాగితము తెల్లగా మెరయుచుండెను. ఉర్దూ శాఖలోని మిత్రులు దానిని చేత బట్టి రెండు మారులు చదివిరి. "ఈ పేరు ఖానా, జానా? చుక్క యేది? క్రింద అక్షరములలో చాలీస్ రూపాయలని యున్నది, పైన అంకెలలో నాలుగు మాత్రమే యున్నది. ఇదేమి?" అని అడిగిరి.

ఉర్దూ లిపిలో జీమ్, చే, హే, ఖే అను నాలుగక్షరముల ఆకారమొక్కటే. చుక్క పైనున్న ఖే, క్రిందనున్న జీమ్, మూడు చుక్కలున్న చే, ఏమియు లేకున్న హే. ఖాన్‌కును జాన్‌కును గల భేదము ఒక్క చుక్క యున్న చోటు మాత్రమే. అంకెలలో సున్న కూడ ఒక చిన్న చుక్కయే. కంప్యూటరు ధూళితోబాటు ఈ చుక్కలను కూడ తుడిచివేసినది. నలభై నాలుగైనది. రసీదు శుభ్రమైనది, సాక్ష్యము చెడినది.

ఇది ఉర్దూకు మాత్రమే గల చిక్కు కాదు. మన తెలుగులో దార యనగా భార్య, ధార యనగా ప్రవాహము. రెంటికిని భేదము అక్షరము క్రింది చిన్న గీత. ఆ గీత చెరిగినచో అర్థమే మారును.

ఇందు దుకాణములోని కుర్రవానిని నిందింప బనిలేదు. ఆతడు మీట నొక్కెను, యంత్రము తనకు తెలిసిన లెక్క చేసెను. ఆ లెక్క యెట్టిదో తెలియకపోవుటయే లోపము. దానిని విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చిత్రమనగా నేమి?

గళ్ల కాగితము నొకదానిని ఊహించుకొనుడు. ప్రతి గడిలోను సున్న మొదలు 255 వరకు ఏదో యొక సంఖ్య వ్రాసితిమనుకొందము. సున్న యనగా కటిక నలుపు, 255 యనగా తెలుపు, నడుమనున్నవి బూడిదరంగులోని అంతరములు. దూరము నుండి చూచినచో ఆ గళ్లన్నియు కలిసి ఒక ముఖముగనో, ఒక అక్షరముగనో కనబడును. ఇట్టి చిత్రమును రాస్టర్ చిత్రమందురు. ఒక్కొక్క గడి పేరు పిక్సెల్. రంగుల చిత్రమైనచో ప్రతి పిక్సెలునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు సంఖ్యలుండును. వీని కలయికచే 1,67,77,216 రంగులు సాధ్యమగును.

1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు మూడునెలల వయస్సుగల తన కుమారుని ఛాయాచిత్రమును ఇట్లు గళ్లుగా మార్చి కంప్యూటరునకు అందించెను. అందలి గళ్లు అడ్డముగా 176, నిలువుగా 176, మొత్తము 30,976. నేడు ఏ4 కాగితము నొకదానిని అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున స్కాను చేసినచో సుమారు 87 లక్షల పిక్సెళ్లు వచ్చును. పరిమాణము పెరిగినది గాని సూత్రము మారలేదు. కంప్యూటరునకు ముఖము తెలియదు, అక్షరము తెలియదు, చుక్క తెలియదు. దానికి తెలిసినది సంఖ్య మాత్రమే. చిత్రమును దిద్దుట యనగా ఆ సంఖ్యలపై లెక్కలు చేయుటయే.

మరకను తుడుచు లెక్క

అన్నిటికంటె సులభమైన లెక్క వెలసిన సిరాను నలుపెక్కించుట. వెలసిన కాగితములో అతి నల్లని సంఖ్య 90, అతి తెల్లని సంఖ్య 200 అనుకొందము. ప్రతి సంఖ్య నుండి 90 తీసివేసి, మిగిలిన దానిని 255చే గుణించి 110చే భాగించినచో, 90 సున్నయగును, 200 కాస్త 255 యగును, నడుమనున్న 145 సుమారు 128 యగును. నలుపు తెలుపుల నడుమ దూరము పెరిగి వ్రాత స్పష్టపడును. ఇందు ఏ చుక్కయు మాయము కాదు.

ధూళిని తొలగించు లెక్క వేరు. యంత్రము ప్రతి పిక్సెలును, దాని చుట్టునున్న ఎనిమిదింటిని కలిపి తొమ్మిది సంఖ్యలను తీసికొనును. అవి 230, 228, 231, 229, 12, 232, 227, 230, 229 అనుకొందము. తెల్లని కాగితముపై 12 అనునది ఒక నల్లని నలుసు. తొమ్మిదింటిని కూడి భాగించి సగటు తీసినచో సుమారు 205 వచ్చును. నలుసు పోదు, మసకయగును. వానిని చిన్నదాని నుండి పెద్దదాని వరకు వరుసగా పేర్చి సరిగా నడుమనున్న ఐదవదానిని తీసికొన్నచో 229 వచ్చును. నలుసు జాడ లేకుండ పోవును. దీనిని మీడియన్ ఫిల్టర్ అందురు. ధూళి తొలగించు మీటల వెనుక తరచుగా నుండునది ఈ లెక్కయే, లేదా దీనికి దగ్గరి బంధువు.

ఇది చక్కని ఉపాయమే. కాని తొమ్మిదింటిలో నాలుగు వరకు నల్లనివైనను ఐదవ సంఖ్య తెల్లనిదే. అనగా అడ్డము రెండు, నిలువు రెండు పిక్సెళ్లుగల ఏ చుక్కయైనను ఈ లెక్కలో సమూలముగా మాయమగును. అది ధూళియా, కాతిబు కలము పెట్టిన చుక్కయా యను విచారణ యంత్రమునకు లేదు.

చుక్క కొలత

ఇప్పుడు మన రసీదు సంగతి చూతము. సన్నని వ్రాతలో చుక్క వెడల్పు అర మిల్లీమీటరు అనుకొందము. అంగుళమునకు 100 పిక్సెళ్ల చొప్పున స్కాను చేసినచో ఆ చుక్కకు దక్కునవి అడ్డముగా రెండే పిక్సెళ్లు. పైని లెక్క దానిని మ్రింగివేయును. 300 చొప్పున చేసినచో ఆరు పిక్సెళ్లు దక్కును. అప్పుడు అదే లెక్క చుక్క అంచులను కొంచెము గుండ్రముచేయును గాని చెరుపలేదు. 600 చొప్పున చేసినచో పన్నెండు. కావున దిద్దుబాటులో మొదటి నిర్ణయము కంప్యూటరులో గాక స్కానరు వద్దనే జరుగుచున్నది. అచ్చట తీసికొనని వివరమును తరువాత ఏ పనిముట్టును తిరిగి తేజాలదు. చిన్న చిత్రమును పెద్దది చేసినచో గళ్లు పెరుగును, సమాచారము పెరుగదు. కొత్త గళ్లలోని సంఖ్యలు ప్రక్కవానిని చూచి ఊహించినవే.

దాచుటలో పోవునది

చిత్రమును దాచుటలో మరియొక నష్టము కలదు. 87 లక్షల పిక్సెళ్లకు మూడేసి సంఖ్యల చొప్పున దాచుటకు చోటు చాల కావలెను. దానిని తగ్గించు ఉపాయములలో మిక్కిలి ప్రసిద్ధమైనది జేపెగ్. దీని ప్రమాణము 1992లో వెలువడినది. చిత్రమును ఎనిమిదికి ఎనిమిది, అనగా 64 పిక్సెళ్ల చదరములుగా విభజించి, ప్రతి చదరమును నెమ్మదిగా మారు అలలు, వేగముగా మారు అలలు అను వాని కూడికగా వ్రాయుదురు. వేగముగా మారు అలలలోని సూక్ష్మభేదమును కంటికి గుర్తించుట కష్టము. కనుక ఆ సంఖ్యలను మోటుగా సవరించి క్లుప్తపరచెదరు.

ఈ అలల గణితమునకు మూలపురుషుడు బెంగుళూరున 1940లో జన్మించిన నసీర్ అహ్మద్. ఆయన అక్కడనే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లి, కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండగా 1972లో ఈ పరిశోధనకు ప్రభుత్వ సంస్థను సహాయము కోరెను. విషయము మరీ సామాన్యమైనదని సహాయము నిరాకరింపబడినది. ఆయన పట్టు విడువక టి. నటరాజన్, కె. ఆర్. రావుగార్లతో కలిసి 1974లో ఆ ఫలితమును ప్రకటించెను. నేడు లోకమున జేపెగ్ ఛాయాచిత్రము లేని చేతిఫోను లేదన్నను అతిశయోక్తి కానేరదు.

అయితే ముఖములకును ప్రకృతిదృశ్యములకును అమరిన ఈ పద్ధతి అక్షరములకు అంతగా అమరదు. అక్షరపు అంచు తెలుపు నుండి నలుపునకు హఠాత్తుగా మారును. అదియే వేగముగా మారు అల. దానిని క్లుప్తపరచినచో అక్షరము చుట్టు మసక కమ్మును. దిద్దినప్పుడెల్ల తిరిగి జేపెగ్‌గా దాచినచో నష్టము కూడుచుండును. వాట్సాప్‌లో ఫొటోగా పంపినను చిత్రము కుంచించుకొనిపోవును, డాక్యుమెంటుగా పంపినచో యథాతథముగా చేరును. 1986లో వచ్చిన టిఫ్, 1996లో వచ్చిన పీఎన్‌జీ అను పద్ధతులలో, పీఎన్‌జీ ఒక్క సంఖ్యను కూడ పోనీయదు, టిఫ్‌ను కూడ అట్లే దాచుకొనవచ్చును. పాత కాగితములకు అవియే తగినవి.

పనిముట్లు, పొరలు

మిషిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన థామస్ నోల్ 1987లో ప్రారంభించి, తన సోదరుడు జాన్ తోడ్పాటుతో పెంచిన ప్రోగ్రామును అడోబి సంస్థ 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ అను పేర విడుదల చేసెను. అది వెలగల వస్తువు. వెల లేనిది గింప్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీనిని 1995లో ప్రారంభించిరి. 2025 మార్చిలో దీని మూడవ తరము వెలువడినది. ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని వాడుకొనవచ్చును. మన విద్యార్థులకు ఇది చాలును.

వీనిలో నేర్వవలసిన ముఖ్యవిషయము పొర. పటముపై పలుచని ట్రేసింగు కాగితము పరచి దానిపై గీసినట్లు, అసలు చిత్రమును అడుగున నుంచి దిద్దుబాటును పైపొరలో చేయవచ్చును. పొరను తొలగించినచో అసలు చిత్రము చెక్కుచెదరక కనబడును. ఫోటోషాప్‌లో ఈ సౌకర్యము 1994లో వచ్చినది. గింప్‌లోను కలదు.

మన రసీదు సంగతి యేమైనది? అదృష్టవశమున అసలు కాగితము పెట్టెలోనే యున్నది. విద్యార్థి దానిని తెచ్చెను. దానిని 600 చొప్పున రంగులలో స్కాను చేసితిమి. నల్లని వ్రాతకు రంగులేలయని అడుగవచ్చును. మరకను తొలగించు కిటుకు అందే యున్నది. కాగితపు ఎరుపు సంఖ్య 240, నీలము 215 అనుకొందము. గోధుమరంగు మరకకు ఎరుపు 225, నీలము 130. నల్లసిరాకు రెండును 50కి లోపలనే. నీలములో చూచినచో మరక నల్లగా కనబడును. ఎరుపులో చూచినచో కాగితమునకును మరకకును భేదము 15 మాత్రమే, సిరా మాత్రము నల్లగనే నిలుచును. ఎరుపు భాగమును మాత్రము వేరు చేయగనే మరక దాదాపు మాయమైనది. ధూళిమీట నొక్కనే లేదు. చుక్క పైన కనబడినది: ఖాన్. అంకె ప్రక్క సున్న కనబడినది: నలభై. ఈ పద్ధతికిని హద్దు కలదు. ఎర్రసిరా ముద్రయున్నచో అదియు ఎరుపులో వెలవెలబోవును. కావున రంగుల అసలు ప్రతిని ప్రక్కనే యుంచితిమి.

దిద్దుబాటునకు హద్దు

ఆ రసీదులో ఒక మూల పురుగు కొట్టిన రంధ్రము కలదు. అచ్చట ఏ మాట యుండెనో ఊహింపవచ్చును. ఫోటోషాప్‌లో 2023 నుండి శూన్యమైన చోటును యంత్రమే కల్పించి పూరించు సౌకర్యము కూడ కలదు. మేము పూరింపలేదు. అలంకారచిత్రములో ఆకసమును పూరించుట వేరు, సాక్ష్యపత్రములో అక్షరమును పూరించుట వేరు. మొదటిది కళ, రెండవది కూటసాక్ష్యము. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక ముఖపత్రమున నిలువుగా ఇముడుటకై గీజా పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరకు జరిపి విమర్శల పాలయ్యెను. అందమునకై చేసిన చిన్న జరుపుడు ఆ చిత్రముపై నమ్మకమును కూడ జరిపివేసెను.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త పాఠము కాదు. సి. పి. బ్రౌను దొర ఒకే గ్రంథమునకు పెక్కు తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచే సరిపోల్చజేసి, పాఠములను నిర్ణయింపజేసెను. పరిష్కర్త తనకు నచ్చిన పాఠమును గ్రహించును గాని తాళపత్రమును గీకివేయడు. తరువాతివాడు వచ్చి సరిచూచుకొనుటకు మూలము నిలిచియుండవలెను. చిత్రమునకును ఇదే నీతి.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో ఇంట పెద్దల పెట్టె తెరచినప్పుడు నాలుగు సంగతులు మరువకుడు. తగినంత సూక్ష్మముగా, రంగులలో స్కాను చేయుడు. ఆ ప్రతిని తాకక వేరుగా దాచుడు. దిద్దుబాటును నకలుపై పొరలలో చేయుడు. దిద్దిన పిదప ఆ లిపి తెలిసినవారిచే అసలుతో సరిపోల్చి చదివించుడు. నలుసును తుడుచుట యంత్రమునకు తెలియును. అది నలుసు అవునో కాదో చెప్పుటకు చదువు కావలెను.