పన్ను కన్నా ముందు పునాది!

ఊడిన పన్ను చోట ఇంప్లాంటు పెట్టించుకుందామని వెళితే 'పెట్టొచ్చు గానీ, అక్కడ ఎముక సరిపోదండీ' అంటారు డాక్టరు. వెళ్లినవాళ్లు తెల్లబోతారు. ఊడింది పన్నే కదా, మరి ఎముక ఎక్కడికి పోయినట్టు?

దవడ ఎముకకు పని కల్పించేది పన్నే. నమిలినప్పుడల్లా ఆ ఒత్తిడి వేరు ద్వారా ఎముకకు చేరుతుంది. పన్ను పోతే ఆ పనీ పోతుంది. పనిలేని ఎముక మెల్లగా కరిగిపోతుంది. పన్ను తీసిన ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే! ఏళ్ల తరబడి వాడిన కట్టుడు పళ్లు వదులైపోయేది ఇందుకే.

ఇంప్లాంటు అంటే ఎముకలో బిగించే టైటానియం మర. ఎముక ఈ లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950ల్లో గుర్తించారు. కుందేళ్ల కాలి ఎముకలో అమర్చిన పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు. 1965లో ఆయన మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. కానీ మర నిలవాలంటే చుట్టూ ఎముక ఉండాలిగా! లేకపోతే పెంచాలి.

పన్ను తీసిన రోజే...

ఖాళీ గుంతలో ఎముక పొడి నింపి, పైన పలచటి పొర కప్పుతారు. చిగురు ఎముక కన్నా వేగంగా పెరుగుతుంది. అది గుంతలోకి చొరబడకుండా ఈ పొర అడ్డుకుంటుంది. కరుగుదల పూర్తిగా ఆగదు గానీ బాగా తగ్గుతుంది.

ఎముక సన్నబడితే...

గడ్డం నుంచో, కింది దవడ వెనక నుంచో చిన్న ఎముక ముక్క తీసి స్క్రూలతో బిగిస్తారు. శుద్ధిచేసిన పశువుల ఎముక పొడి, కృత్రిమ పొడి కూడా వాడతారు. అభ్యంతరమున్నవాళ్లు ఏది వాడుతున్నారో ముందే అడగాలి. ఈ పొడి పందిరి లాంటిది. దాన్ని ఆసరా చేసుకుని సొంత ఎముక తీగలా అల్లుకుంటుంది.

పై దవడ వెనకైతే...

అక్కడ పళ్లకు పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్లు పోయాక అది కిందికి విస్తరిస్తుంది. పక్క నుంచి చిన్న కిటికీలా తెరిచి, గుడ్డు పెంకు లోపలి పొరంత పలచని సైనస్ పొరను చిరగకుండా పైకెత్తి, కింద ఏర్పడిన ఖాళీలో పొడి నింపుతారు. అమెరికా దంతవైద్యుడు హిల్ట్ టేటమ్ 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

వేసిన పొడి ఎముకగా గట్టిపడటానికి సాధారణంగా 4 నుంచి 9 నెలలు పడుతుంది. తొందరపడితే లాభం లేదు. పొగతాగేవారికీ, షుగరు అదుపులో లేనివారికీ గాయం సరిగా మానదు. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఎముక కొద్దిగానే తగ్గితే పొట్టి ఇంప్లాంటుతోనే సరిపోవచ్చు. అది స్కానింగులో తేలుతుంది.

అందుకే పన్ను తీయించుకునే ముందే 'తర్వాత ఏం పెట్టించుకోవాలి' అని ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. ఆ రోజు చేసే చిన్న పనితో రేపటి పెద్ద ఆపరేషన్ తప్పవచ్చు.