రేవు ఒడ్డెక్కే ఋతువు

గోదావరీ కృష్ణా తీరవాసులకు రేవు అంటే స్థిరమైన కట్టడం. వరద వచ్చినప్పుడు మెట్లు మునుగుతాయి. వరద తీసిన పిమ్మట బురద కడిగితే రేవు మళ్ళీ రేవుగానే ఉంటుంది. కాని రేవును ఏటేటా ముక్కలుగా విప్పి, ఒడ్డున పేర్చి, ఆరు నెలల తరువాత తిరిగి నీటిలో నిలబెట్టవలసిన ప్రదేశాలు కూడా లోకంలో ఉన్నాయి. అమెరికా ఉత్తర సరిహద్దున ఉన్న మిన్నెసోటా రాష్ట్రం అటువంటిది. ‘పదివేల సరస్సుల నేల’ అని దానికి పేరు. పది ఎకరాలు, అంతకు మించి విస్తీర్ణం గల సరస్సులను మాత్రమే లెక్కించినా అక్కడ 11,842 ఉన్నాయి.

ఆ సరస్సుల గట్టున ఇళ్ళు కట్టుకున్నవారికి నీటివైపు వాకిలి వంటిది డాక్. తీరం నుంచి నీటిలోకి కొంతదూరం సాగే ఈ బల్లల రేవుకు పడవను కట్టివేస్తారు. పిల్లలు దాని మీదినుంచి నీటిలోకి దూకుతారు. సాయంవేళ పెద్దలు దాని కొసన కూర్చుని గాలం వేస్తారు. సెప్టెంబరు చివర మేపుల్ ఆకులు ఎర్రబడటంతో ఈ వేడుక ముగింపుకు వస్తుంది. ఉత్తర భాగపు సరస్సులు సాధారణంగా నవంబరులోనే గడ్డకట్టనారంభిస్తాయి. ఆలోగా రేవు ఒడ్డెక్కాలి.

మంచు పలక బలం

గడ్డకట్టిన సరస్సు చూపరులకు నిశ్చలంగా కనబడుతుంది. నిజానికి అది నిరంతరం కదులుతూనే ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతుంది. అలా ఏర్పడిన మంచు పలక నీటిలో పాతిన స్తంభాన్ని పిడికిలితో పట్టినట్లు పట్టుకుంటుంది. చలికాలంలో సరస్సు నీటిమట్టం కొద్ది అంగుళాలు పెరిగినా, తేలుతున్న పలకతోపాటు స్తంభం కూడా పైకి లేస్తుంది. దాని అడుగున ఏర్పడిన ఖాళీలోకి ఒండ్రు జారుతుంది. మట్టం తగ్గినప్పుడు స్తంభం పూర్వస్థానానికి దిగలేదు. ఇలా రెండు మూడు పర్యాయాలు జరిగితే ఎంత లోతుగా పాతిన స్తంభమైనా వదులై ఒరిగిపోతుంది.

పక్కనుంచి పడే ఒత్తిడి మరొకటి. చలి హెచ్చినప్పుడు పలక కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఆ బీటలలోకి నీరు ఊరి గడ్డకడుతుంది. తరువాత ఎండ కాసి పలక వేడెక్కినప్పుడు అది వ్యాకోచిస్తుంది. ఒక కిలోమీటరు పొడవు గల మంచు పలక ఉష్ణోగ్రత పది సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే, దాని పొడవు దాదాపు అర మీటరు పెరుగుతుంది. బీటలు అప్పటికే పూడుకుపోయినందున ఆ పెరుగుదలకు చోటు తీరంవైపే దొరకాలి. ఏళ్ళ తరబడి మంచు ఇలా నెట్టుకువచ్చిన మట్టి, రాళ్ళు అనేక సరస్సుల ఒడ్డున చిన్న గట్లుగా పేరుకుని ఉన్నాయి.

వసంతంలో పలక విడివడినప్పుడు గాలి కూడా తోడవుతుంది. 2013 మే నెలలో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సుపై బలంగా వీచిన గాలి మంచు తునకలను గుట్టలుగా ఒడ్డెక్కించి ఇళ్ళ తలుపులు, కిటికీల వరకు నెట్టుకువచ్చింది. గోడలే తట్టుకోలేని చోట పలుచని బల్లలు, గొట్టపు కాళ్ళు ఏపాటి? అందువల్లనే సరస్సుల ప్రాంతంలో అనుభవజ్ఞులు మంచును ఎదిరించే రేవును నిర్మించటం కంటె, మంచుకు దారి విడిచే రేవును నిర్మించటమే మేలనుకుంటారు.

విప్పే క్రమం

ఇళ్ళ ముందరి రేవులు ముఖ్యంగా మూడు విధాలు. ఇనుప లేదా అల్యూమినియం గొట్టాల కాళ్ళపై బల్లల భాగాలను బిగించినవి మొదటి రకం. చక్రాలు అమర్చినందున మొత్తంగా ఒడ్డుకు లాగదగినవి రెండవ రకం. గాలి నిండిన ప్లాస్టిక్ తొట్లపై తేలేవి మూడవ రకం. తేలే రేవును గాలి, కెరటాల తాకిడి లేని మూలకు చేర్చి, ఒడ్డుకు కలిపే వంతెనను విడదీసి, గొలుసులు వదులు చేసి నీటిలోనే ఉంచటం కొన్నిచోట్ల సాధ్యమే. తక్కినవి ఒడ్డెక్కవలసిందే.

పనికి అనువైన కాలం సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నడుమ వరకు. గాలి లేని పగటివేళ, కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి పూనుకోవాలి. అన్నిటికంటె ముందు, రేవుకు విద్యుత్తు ఉంటే దానిని ఇంటివద్దనే ఆపివేయాలి. మంచినీటి కంటె లవణాలున్న మానవదేహం గుండా విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. అందువల్ల రేవు దీపపు తీగనుంచి నీటిలోకి కారే కరెంటు ఈదేవాని కండరాలను బిగించి ముంచివేయగలదు. తరువాత పడవను, నిచ్చెనను, బెంచీలను తొలగించాలి. భాగాలకు వరుసగా అంకెలు వేస్తే వసంతంలో తిరిగి అమర్చటం సులభమవుతుంది. లోతైన కొసనుంచి ఆరంభించి తీరంవైపు విప్పుకుంటూ రావాలి.

నీటిలోకి దిగేవారు ఛాతీవరకు వచ్చే రబ్బరు దుస్తులతోపాటు ప్రాణరక్షక కోటు కూడా ధరించాలి. చల్లని నీటిలో హఠాత్తుగా పడినవాని శ్వాస అదుపు తప్పుతుంది. కొద్ది నిమిషాలలో చేతులు పట్టు కోల్పోతాయి. ఈత వచ్చుననే ధైర్యం అక్కడ పనికిరాదు.

ఒడ్డుకు చేరిన భాగాలను బ్రష్షుతో తోమి, నాచు తొలగించి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన బోల్టులు, పుచ్చిన బల్లలు అప్పుడే బయటపడతాయి. వసంతపు నీటిమట్టానికి, మంచు నెట్టుకువచ్చే హద్దుకు కూడా ఎగువన దుంగలు పరచి వాటిపై పేర్చాలి.

ఈ పరీక్ష సరస్సు క్షేమానికి కూడా అవసరం. నల్లసముద్ర, కాస్పియన్ సముద్ర ప్రాంతాలకు చెందిన జీబ్రా ఆల్చిప్పలు 1988లో అమెరికా, కెనడాల నడుమనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించాయి. మరుసటి సంవత్సరమే అవి మిన్నెసోటాలోని డులూత్ రేవుపట్టణానికి చేరాయి. గోరంత ఉండే ఈ జీవులు రేవు కాళ్ళకు అంటుకుని పెరుగుతాయి. ఒక సరస్సులోకి అవి ప్రవేశించిన సంగతిని రేవు కాళ్ళే బయటపెట్టవచ్చు. కనుకనే వాటిని తడిమి చూడవలసిందిగా ప్రభుత్వశాఖ ఇంటివారిని కోరుతుంది. ఒక సరస్సు నుంచి తీసిన రేవును మరొక సరస్సులో వేయదలచినవారు దానిని 21 రోజులు ఎండనివ్వాలని రాష్ట్ర చట్టం విధిస్తున్నది.

పొరుగువారి ప్రాణం

కదల్చ వీలుకాని రేవులున్నవారు కొందరు వేరొక ఉపాయం చేస్తారు. నీరు 4 డిగ్రీల వద్ద అత్యంత సాంద్రంగా ఉంటుంది. అందువల్ల శీతకాలంలో సరస్సు అడుగున పైభాగంకంటె వెచ్చని నీరు నిలుస్తుంది. అడుగున పరచిన గొట్టంలోకి గాలి పంపితే, బుడగలు ఆ నీటిని పైకి తెస్తాయి. స్తంభాల చుట్టూ మంచు కట్టదు. అయితే రేవును కాపాడే ఈ నీటిగుంటయే మనుషులకు ఉచ్చు కాగలదు. చీకటిలో మంచుపై బండి నడుపుకుంటూ వచ్చేవానికి అది కనబడదు. దాని అంచున పలక పలుచబడి ఉంటుంది. అందుకే మిన్నెసోటాలో దీనికి అనుమతి పొందాలి, హెచ్చరిక పలకలు నాటాలి.

ఇటీవలి దశాబ్దాలలో మరొక చిక్కు వచ్చిపడింది. పొరుగు రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో, మాడిసన్ నగరం వద్దనున్న మెండోటా సరస్సు గడ్డకట్టే, కరిగే తేదీలను 1850ల నుంచి నమోదు చేస్తున్నారు. అది గడ్డకట్టి ఉండే కాలం నాటికంటె దాదాపు ఒక నెల తగ్గింది. శీతకాలం ఆలస్యమవుతున్న కొద్దీ ‘ఇంకొక వారం చూద్దాం’ అనే కోరిక బలపడుతుంది. కాని గాలి స్తంభించిన ఒకే ఒక చలిరాత్రి చాలు, నిస్సారమైన తీరజలం గడ్డకట్టటానికి. ఆ తెల్లవారి రేవు కాళ్ళను కదల్చాలంటే మంచును పగులగొడుతూ ప్రాణాంతకమైన నీటిలో నిలబడాలి. మోస్తరు ఎండ కాసే అక్టోబరు పగలు ఇద్దరు మనుషులు నవ్వుకుంటూ చేయగల పని అది. అలవాటు పడినవారు అందుకే క్యాలెండరులో ఒక ఆదివారాన్ని ముందే గుర్తు పెట్టుకుంటారు; ఆనాటి వాతావరణం ఎంత ఊరించినా పడవను మాత్రం నీటిలోకి దించరు.