దూది తేలుతుంది

ఆదోనిలో ఏ మెడికల్ షాపుకైనా పోయి ప్యాడ్లు అడగండి. దగ్గు మందు సీసాను అలాగే చేతికిచ్చే మనిషి, వీటిని మాత్రం పాత పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో వేసి, ముడేసి మరీ ఇస్తాడు. నల్ల కవరుతో ఆడమనిషి బజార్లో నడుస్తుంటే అందులో ఏముందో ఊరందరికీ తెలుసు. అయినా ముడి మాత్రం పడాల్సిందే.

బస్టాండు, మార్కెట్ యార్డు, సర్కారు ఆసుపత్రి లాంటి నలుగురూ తిరిగే చోట్ల ఆడవాళ్ల మరుగుదొడ్లలో ఉచితంగా ప్యాడ్లు పెడితే బాగుంటుందని ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో అని చూడండి. జవాబులు వరసగా వస్తాయి. వాటిలో చాలావరకు అపోహలే.

అపోహ: "బళ్లో ఇస్తున్నారు కదా, మళ్లీ ఇదెందుకు?"

2021 అక్టోబరు 5న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'స్వేచ్ఛ' మంచి పథకం, అందులో అనుమానం లేదు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ఏడాదికి 120 ప్యాడ్లు. పది లక్షల మందికి పైగా పిల్లలకని లెక్క వేశారు. కాకపోతే అది హాజరుపట్టీని నమ్ముకున్న పథకం. హాజరుపట్టీ ఎమ్మిగనూరు బజార్లో ఒక తీరుగా ఉంటుంది, కోసిగిలో, కౌతాళంలో, పెద్దకడబూరులో ఇంకో తీరుగా ఉంటుంది.

దసరా, దీపావళి దాటాయంటే పడమటి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. "యాడికి పోయినారు?" అంటే ఒకటే మాట, సుగ్గికి. కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు. ఇంట్లో వదిలిపెట్టే దిక్కులేక పద్నాలుగేళ్ల పిల్లనూ వెంట తీసుకుపోతారు. ఆ పిల్ల వాటా ప్యాడ్లు బళ్లో ఉంటాయి, పిల్ల చేనుగట్టున టార్పాలిన్ గుడిసెలో ఉంటుంది. మిరపకాయలు తెంపిన చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేతులతోనే గుడ్డ మార్చుకోవాలి. ఈ మాట రాయడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది. కానీ పథకం ఎక్కడిదాకా పోయి ఆగిపోతోందో చెప్పాలంటే ఇంతకన్నా సూటిగా చెప్పలేను.

ఇక ఆ పిల్ల తల్లి పేరు ఏ హాజరుపట్టీలోనూ లేదు. జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆమెకు, ఆసుపత్రి వరండాలో అత్తకు కాపలా కూర్చున్న కోడలికి బడి పథకంతో పనేముంది?

అన్నట్టు, పది ప్యాడ్లు నెలకు చాలవు. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలంటే రోజుకు కనీసం నాలుగు. ఐదు రోజులకు ఇరవై.

అపోహ: "ఊరికే పెడితే ఎత్తుకుపోతారు."

మొదట్లో నాలుగు ఎక్కువే తీసుకుపోతారు. రేపు ఉంటాయో లేవో అన్న అనుమానం మనకు ప్రతి సర్కారు వస్తువు మీదా ఉంది, అది మన తప్పు కాదు. రోజూ ఉంటాయని నమ్మకం కుదిరితే ఇంట్లో గుట్టగా పోసుకుని ఎవరేం చేస్తారు? ఎండాకాలంలో వీధి మొగదల చలివేంద్రం పెడతాం. మజ్జిగ తాగేవాళ్లను పేరు, ఊరు అడగం. కుండ ఎత్తుకుపోతారని భయపడి చలివేంద్రం మానుకున్న దాత కూడా నాకు తెలిసి లేడు.

ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడాన్ని స్కాట్లాండ్ దేశం చట్టమే చేసింది. 2020 నవంబరులో అక్కడి పార్లమెంటు ఆమోదించిన చట్టం 2022 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. సరిగ్గా మనం జెండా ఎగరేసే రోజు. అవసరమున్న ఎవరికైనా ఉచితంగా అందేలా చూడటం అక్కడి స్థానిక సంస్థల, విద్యాసంస్థల బాధ్యత.

ఖర్చంటారా? 'స్వేచ్ఛ'కు ఏడాదికి సుమారు 32 కోట్లన్నారు. పది లక్షల మందికి పంచితే ఒక్కో పిల్లకు 320 రూపాయలు, ప్యాడుకు మూడు రూపాయల లోపే. జనఔషధి దుకాణంలో 2019 ఆగస్టు నుంచి ఒక్కో ప్యాడు రూపాయికే అమ్ముతున్నారు.

అపోహ: "ప్యాడంటే పత్తే కదా, మట్టిలో కలిసిపోతుంది."

పత్తి బోరేల మధ్య పుట్టి పెరిగిన ఆదోనివాళ్లే ఈ మాట అనడం నాకు తమాషాగా ఉంటుంది. జిన్నింగ్ మిల్లు నుంచి గుప్పెడు దూది తెచ్చి చెంబు నీళ్లలో వేయండి. మునగదు, తేలుతుంది. పత్తి పోగు మీద పుట్టుకతోనే సన్నటి మైనపు పొర ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. క్షారంలో ఉడకబెట్టి ఆ మైనం పోగొడితేనే అది మందుల షాపులో దొరికే, తడి పీల్చే దూది అవుతుంది. కాబట్టి పత్తి ఊరివాళ్లం కదా అని పచ్చి దూదిని గుడ్డలో చుట్టి వాడుకుంటే ఆ తడి ఆగదు.

మామూలుగా అమ్మే ప్యాడులో ఉండేది ఎక్కువగా కలప గుజ్జు. దాంతోపాటు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చి జిగురుముద్దలా ఉబ్బే రసాయనపు పొడి, పైనా కిందా ప్లాస్టిక్ పొరలు. మట్టిలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. దొడ్లో వేసి నీళ్లు పోస్తే లోపల ఉబ్బి పైపు మూసుకుంటుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు, వాడినదాన్ని కవర్లోనో కాగితంలోనో గట్టిగా చుట్టి పొడిచెత్త డబ్బాలో వేయమన్నాయి. నల్ల కవరు పనికొచ్చేది, నిజానికి, ఇక్కడ!

అపోహ: "గుడ్డ వాడితే రోగాలే."

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో నూలుగుడ్డను తిట్టడానికి నాకు నోరు రాదు. సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరేసిన మెత్తటి నూలుగుడ్డతో ఏ ఇబ్బందీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ వాడుతున్నామనే చెప్పారు. వాళ్లలో చాలామంది ప్యాడ్లూ వాడతారు. చిక్కంతా ఆరేసే దగ్గర. నెత్తి మాడిపోయే ఎండలున్న ఈ సీమలో ఆ ఒక్క గుడ్డకే ఎండ దొరకదు. దండెం మీద చీర కింద దాగి, సగం తడితోనే మళ్లీ ఒంటికి చేరుతుంది. ఉతకడానికి నీళ్లున్న రోజు సంగతి ఇది, లేని రోజు మాట చెప్పక్కర్లేదు.

ముట్టు రక్తం చెడు రక్తమన్న మాటకు ఎక్కువ జాగా ఇవ్వను. అది గర్భసంచి లోపలి పొర, ఒంట్లోని రక్తమే. "ఈ పీడ వద్దు, సంచి తీయించేసుకుంటే పోతుంది" అనేది మాత్రం ప్రమాదకరమైన మాట. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది. కారణాలు చాలా ఉంటాయి. నెలనెలా కూలి పోతుందన్న లెక్క కూడా వాటిలో ఉందని కూలికి పోయే ఆడవాళ్లనడిగితే చెబుతారు.

అపోహ: "గోడకు డబ్బా బిగిస్తే పనైపోయినట్టే."

తలుపుకు గడియ ఉండాలి. కొళాయిలో నీళ్లు రావాలి. సంచీ తగిలించుకోవడానికి ఒక మేకు, వాడినది వేయడానికి మూతున్న బుట్ట, ఆ బుట్ట రోజూ ఎత్తే మనిషి, ఆ మనిషి చేతులకు తొడుగులు ఉండాలి. ఇవేవీ లేకుండా డబ్బా ఒక్కటే పెడితే ప్రారంభోత్సవం ఫొటోకు పనికొస్తుంది.

ఒకసారి ఓ బస్టాండులో నాకు అవసరం పడింది. గడియ లేదు. సంచీ పళ్లతో కరిచిపట్టుకుని, కాలు తలుపుకు అడ్డం పెట్టాను. బయటికొచ్చి, చిల్లర తీసుకునే పెద్దామెను మొహమాటపడుతూ అడిగాను. ఆమె చిల్లర డబ్బా కింద నుంచి మరో రేకు డబ్బా తీసి, ఒక ప్యాడు నా చేతిలో పెట్టింది. కవరు లేదు, పేపరూ లేదు.

"ఇవి ఎవరిస్తారు పెద్దమ్మా?" అన్నాను.

"యెవురిస్తార్మా, మా మనవరాలివి. బళ్లో ఇచ్చినవి. రెండు తెచ్చి పెట్టుకుంటా."