పాకం పట్టిన పంది మాంసం: ఏది ముందు, ఏది వెనక

నయాపూల్‌కు ఉత్తరం వైపు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, మూసీ ఒడ్డుకు దగ్గరగా ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. దాదాపు పదిహేను వేలమందిని పొట్టన పెట్టుకున్న వరద అది. ఆ చెట్టు గురించి రాసేవాళ్లంతా కొమ్మల సంగతే రాస్తారు. చింతకాయలో జరిగే వింత మాత్రం ఎవరి కంటా పెద్దగా పడదు.

మామిడి గానీ రేగు గానీ పండేకొద్దీ తీపెక్కుతుంది, పులుపు దిగుతుంది. చింతకాయకు తీపి పెరుగుతుందే తప్ప పులుపు దిగదు. దాని పులుపులో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం. కాయ ముదిరినా అది అలాగే నిలిచి ఉంటుంది. అందుకే పండిన గుజ్జులో ఆ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసి 25 నుంచి 45 శాతం దాకా ఉంటాయి. పైగా పెక్టిన్ కూడా ఉంది కాబట్టి ఉడికితే చిక్కబడుతుంది. పులుపు, తీపి, చిక్కదనం మూడూ ఒకే గుజ్జులో దొరకడం అరుదు. అరగంటలో తయారయ్యే, తీపీ కారమూ కలిసిన పాకం మెరుస్తూ పట్టుకున్న మాంసానికి ఇంతకన్నా మంచి సరుకు లేదు. నయాపూల్ దగ్గర బస్సు దిగి అఫ్జల్‌గంజ్ దాటి బేగంబజార్‌కి వెళితే చింతపండు, బెల్లం, ఎండుమిర్చి అన్నీ దొరుకుతాయి.

పంది మాంసం మాత్రం అక్కడ దొరకడం కష్టం. పాతబస్తీ వంటల్లో పందికి చోటు లేదు. ఇస్లాం దాన్ని నిషేధించింది, హిందువుల్లోనూ చాలామంది ముట్టరు. ఇక్కడి వాళ్లకు చప్పున అయ్యే మాంసమంటే కాగిన నల్లరాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్. అయినా తెలుగునాట పంది మాంసం తినే ఇళ్లు తక్కువేమీ కావు. ఎరుకలవాళ్లు తరతరాలుగా పందుల పెంపకం మీద బతికారు. పక్క రాష్ట్రంలోని కొడగులో కాచంపులి అనే నల్లటి పులుపుతో వండే పంది కూర పెళ్లివిందుల్లో ఉండి తీరాల్సిన వంటకం. పంది తిననివాళ్లు ఇదే పద్ధతిలో ఎముక తీసిన కోడి తొడ ముక్కలు వండుకోవచ్చు. రసాయనశాస్త్రం రెంటికీ ఒకటే.

ఈ వంట చెడితే దాదాపు ఎప్పుడూ ఒకే చోట చెడుతుంది. మాంసం, బెల్లం, చింతపండు, కారం అన్నీ కలిపి నానబెట్టి ఒకేసారి పెనంలో గుమ్మరిస్తారు. ముక్క ఎర్రబడదు, పాకం మాడుతుంది, కారం చేదెక్కుతుంది. ఇంటికొచ్చిన వాళ్లు మర్యాదకి బాగుందంటారు. సరుకుల్లో లోపమేమీ లేదు, వరస తప్పింది అంతే. ఆ వరస వెనకున్న కారణం తెలిస్తే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా కూర చెడదు.

ముందు నీటి సంగతి. మాంసంలో ముప్పాతిక వంతు దాకా నీరే. ముక్క పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే వచ్చిన వేడినంతా నీరు ఆవిరి కావడానికే లాగేసుకుంటుంది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి ఎంత వేడి కావాలో, మరిగిన ఆ నీటినంతా ఆవిరి చేయడానికి దానికి ఏడు రెట్లకు పైగా కావాలి. మాంసానికి రంగూ కమ్మటి వాసనా తెచ్చే చర్య జోరందుకునేది 140 డిగ్రీల దగ్గర. కాబట్టి వండే ముందు ముక్కల్ని శుభ్రమైన గుడ్డతో ఒత్తి తడి తీసేయాలి. పెనం నిండా ఇరికించకుండా రెండు విడతల్లో వేయాలి. ఇదేమీ చాదస్తం కాదు. ఈ ఒక్కటీ వదిలేస్తే వేపుడు కాస్తా ఉడకబెట్టుడు అవుతుంది.

ఆ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ వర్ణించాడు. ప్రొటీన్ల ఇటుకలైన అమైనో ఆమ్లాలు, గ్లూకోజ్ వంటి చక్కెరలు వేడి మీద కలిసి గోధుమరంగు పదార్థాలుగా, వందల రకాల వాసనలుగా మారతాయి. మాంసంలో సహజంగా ఉండే కొద్దిపాటి చక్కెరే ఇందుకు చాలు. పంది మాంసానికి ఇక్కడొక ప్రత్యేకత ఉంది. మేక, గొడ్డు మాంసాలతో పోలిస్తే అందులో థయమిన్, అంటే బి1 విటమిన్, కొన్ని రెట్లు ఎక్కువ. వేడికి థయమిన్ విరిగినప్పుడు గంధకం ఉన్న వాసన పదార్థాలు పుడతాయి, మాంసపు కమ్మదనంలో వాటి వాటా పెద్దది.

చింతపండు ఎందుకు ఆగాలో ఇప్పుడు తెలుస్తుంది. మయార్ చర్య మొదలవ్వాలంటే అమైనో ఆమ్లపు నత్రజని కొస ఖాళీగా ఉండి చక్కెరను అందుకోవాలి. పులుపులో ఆ కొసను ప్రోటాన్ ఆక్రమిస్తుంది. చర్య నీరసిస్తుంది. చింతపండు పులుసులో నానిన ముక్క ఎంత వేయించినా తెల్లబోయినట్టే ఉండటానికి పైనున్న తడితో పాటు ఇదీ కారణం. బెల్లం ఆగాల్సింది ఇంకో కారణానికి. ముక్క ఎర్రబడటానికి కావలసిన మంట బెల్లాన్ని బొగ్గు చేస్తుంది. అంటే పులుపూ తీపీ రెండూ ఎర్రబడటం పూర్తయ్యాకే రావాలి. ముందు ముక్కకు పట్టాల్సినవి ఉప్పు, కాస్త మిరియాలపొడి మాత్రమే.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. అరకిలో మాంసం, వెన్ను పక్కనుండే మెత్తటి భాగం, సెంటీమీటరు మందాన కోయించినది. పొట్ట భాగం, జబ్బ భాగం రుచిలో ఎక్కువే గాని వాటిలోని కొలాజెన్ కరగడానికి గంటకు పైగా పడుతుంది, ఈ వంటకు అవి కుదరవు. కాగిన నూనెలో ముక్కల్ని రెండు వైపులా ఎర్రగా వేయించి పళ్లెంలోకి తీయాలి. మంట బాగా తగ్గించి, అదే కొవ్వులో దంచిన వెల్లుల్లి, అల్లం, ఆపైన కారం వేయాలి. కారంలోని కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో చక్కగా కరుగుతుంది. ఎర్రరంగునిచ్చే పదార్థాలూ అంతే. ఇరవై సెకన్లు చాలు. ఆలస్యమైతే కారంలోని చక్కెరలే మాడతాయి. రంగు బాగా రావాలి, మంట తక్కువుండాలి అనుకుంటే 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి సరిగ్గా సరిపోతుంది. ఘాటు కావాలంటే తేజ రకం.

వెంటనే అరకప్పు నీళ్లలో పిసికి వడగట్టిన నిమ్మకాయంత చింతపండు రసం, 60 గ్రాముల తరిగిన బెల్లం, చిటికెడు ఉప్పు. పెనానికి అంటుకున్న ఎర్రటి మడ్డి కరిగి రసంలో కలుస్తుంది, రుచంతా అందులోనే ఉంటుంది. మొదట బుడగలు చిన్నవిగా, నురగగా, గలగలమంటూ పైకొస్తాయి. నీరు తగ్గేకొద్దీ అవి పెద్దవై, ఒక్కొక్కటే బద్ధకంగా ఉబ్బి పగులుతాయి. చప్పుడు మందగిస్తుంది. గరిటెతో పెనం అడుగున గీస్తే ఆ దారి రెండు క్షణాలు నిలిచి మూసుకుంటుంది. మిఠాయి చేసేవాళ్లు దీన్ని లేతపాకం అంటారు.

మన పాకాల పేర్లన్నీ నిజానికి ఉష్ణోగ్రతల పేర్లే. చక్కెర చిక్కబడేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. తీగపాకం 110 డిగ్రీల దగ్గర, అప్పటికి అందులో ఐదింట నాలుగు పాళ్లు చక్కెరే. అరిసెలకు పట్టే ఉండపాకం మరో ఐదారు డిగ్రీల పైన. థర్మామీటరు లేకుండా నీళ్ల గిన్నెలో చుక్క వేసి ఈ తేడా పట్టుకున్న మన అమ్మమ్మల చేతి లెక్క ఎంత కచ్చితమైనదో ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు బాగా తెలుస్తుంది. మాంసానికి పట్టించే పాకం తీగ దాకా పోకముందే ఆగాలి, చల్లారితే అదే చిక్కబడుతుంది. దాటిపోనివ్వకపోవడానికి ఇంకో కారణం చింతపండే. ఆమ్లంలో ఉడికినప్పుడు బెల్లంలోని సుక్రోజ్ కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. సుక్రోజ్ 160 డిగ్రీలకు గాని మాడడం మొదలెట్టదు, ఫ్రక్టోజ్ మాత్రం 110 దగ్గరే రంగు తిరుగుతుంది.

ఆ విడిపోవడమే మెరుపుకూ మూలం. ఒక్క సుక్రోజే ఉంటే చల్లారాక పలుకులు కట్టి, వెలుతురును నలువైపులా చెదరగొట్టి పాలిపోతుంది. మూడు రకాల చక్కెరలు కలగలిసి ఉంటే, మధ్యలో పెక్టిన్ కూడా అడ్డుపడితే, పలుకులు కట్టే వీలుండదు. పై పొర నున్నగా నిలిచి మెరుస్తుంది. కాంటన్ వంటవాళ్లు చార్ సియూ అనే పంది కాల్పుకు కాలడం ముగిసే వేళ మాల్టోజ్ పాకం పూసేది కూడా ఈ మెరుపు కోసమే.

నాలుక మీద జరిగేది వేరే కథ. కాప్సైసిన్ మంటను రుచి మొగ్గలు పసిగట్టవు, నొప్పినీ వేడినీ పసిగట్టే నాడులు పసిగడతాయి. వాటి మీదున్న టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, 2021 నోబెల్ బహుమతిలో ఆయన భాగస్వామి. మామూలుగా అది 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. కాప్సైసిన్ తగిలితే అంతకన్నా తక్కువకే తెరుచుకుంటుంది, పులుపు దాన్ని మరింత సున్నితం చేస్తుంది. అందుకే పొగలు కక్కే పుల్లటి కారపు కూర చల్లటి దానికన్నా ఎక్కువ మండుతుంది. తీపి ఈ మంటను కొంత అణచగలదు. బెల్లం ఉన్న కూరలో మనం మామూలు కన్నా ఎక్కువ కారం హాయిగా తినగలిగేది అందుకే.

ముక్కల్ని పాకంలోకి తిరిగి వేసే ముందు ఒక మాట. మనుషుల మలం తిన్న పంది కండల్లో బద్దెపురుగు తిత్తులు పెరగొచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి ముక్కగా కోసిన పందికి 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం చాలంటోంది. ఊళ్లో తిరిగే పందులున్న మన దేశంలో లోపల 71 డిగ్రీలు చేరాలనే నేనంటాను. తిత్తులు దానికి ముందే చస్తాయి. సెంటీమీటరు మందం ముక్కకు ఆ వేడి అందడం కష్టమేమీ కాదు, లోపల గులాబిరంగు తడి కనబడకూడదు. కోడి అయితే 74.

దీనికన్నా ముఖ్యమైనదొకటి చాలామందికి తెలియదు. సరిగా ఉడకని మాంసంతో వచ్చేది పేగులో బద్దెపురుగు. మూర్ఛ తెచ్చే మెదడు తిత్తులు వచ్చేది ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోతే, అంటే పురుగున్న మనిషి మలం అంటిన చేతుల వల్ల, నీటి వల్ల, మురుగునీటితో పండి పచ్చిగా తిన్న ఆకు వల్ల. పందిని జన్మలో ముట్టనివాళ్లకూ ఇది వస్తుంది. మనుషులూ తిరుగాడే పందులూ కలిసి బతికే చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతం దాకా దీనివల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇందులో పంది మీద కోపం తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. మరుగుదొడ్డి, సబ్బు, దొడ్లో కట్టి మేపే పెంపకం ఈ చక్రాన్ని తెంచుతాయి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నాటు పందిని లార్జ్ వైట్ యార్క్‌షైర్‌తో కలిపి టీ-17 అనే సంకర జాతిని తయారుచేసింది. ఇలాంటి పందుల్ని దొడ్లో దాణా పెట్టి పెంచడం ఎరుకల కుటుంబాలకు ఆదాయం, తినేవాళ్లకు భద్రత. హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, శుభ్రమైన మాంసం తయారీలో అక్కడ శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ కబేళా దాటి వీధి దుకాణం దాకా రావాలని నా కోరిక.

ముక్కల్ని పాకంలో రెండు నిమిషాలు తిప్పి దించాక మూడు నాలుగు నిమిషాలు వదిలేయాలి. ముడుచుకున్న కండ సడలి రసం లోపల నిలుస్తుంది, పాకం ముక్కను పట్టుకుంటుంది. వేడన్నంలోకి తింటే బాగుంటుంది, జొన్నరొట్టెలోకి ఇంకా బాగుంటుంది. మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి మర్నాటికి మెరుపు పోయి జిగటగా ఉంటుంది. రెండు చెంచాల నీళ్లు చిలకరించి సన్నటి సెగ మీద, బుడగలు మళ్లీ బద్ధకించేదాకా కలియబెడితే సరి.