మూత్రపిండముల శక్తి - వయస్సు లెక్క

ఒక యింట తాతకు 75 ఏండ్లు, పెద్దమనుమనికి 25, చిన్నమనుమరాలికి 5 ఏండ్లు అనుకొందము. ముగ్గురికిని రక్తపరీక్షలో క్రియాటినిన్ డెసిలీటరునకు 1.2 మిల్లీగ్రాములని వచ్చినది. అంకె యొక్కటే గావున ముగ్గురి మూత్రపిండములును సమానముగా పనిచేయుచున్నవని తలంచుట పొరపాటు.

క్రియాటినిన్ కండరములయందు పుట్టు మలినము. మూత్రపిండములు దానిని వడకట్టి వెలుపలికి పంపును. మడిలో నిలిచిన నీటిని మాత్రము చూచి మురుగుకాలువ బాగుగ పాఱుచున్నదని చెప్పజాలము; మడిలోనికి వచ్చు నీరెంతయో తెలియవలెను. వృద్ధులకును బాలురకును కండ తక్కువ. మలినమును తక్కువగనే పుట్టును. కావున వారి కాలువ పూడినను మట్టము హెచ్చుగా కానరాదు.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను వైద్యులు పెద్దలకొక లెక్క నిచ్చిరి. 140 నుండి వయస్సును తీసివేసి, శేషమును శరీరపు బరువు కిలోగ్రాములచే గుణించి, 72చేతను క్రియాటినిన్‌చేతను భాగింపవలెను. స్త్రీలకైనచో వచ్చినదానిని 0.85చే గుణింపవలెను. ఇరువురును 60 కిలోగ్రాములవారైనచో, మనుమనికి నిమిషమునకు 80 మిల్లీలీటర్లు, తాతకు 45 మాత్రమే వచ్చును. పిల్లలకు ఎత్తు ముఖ్యము: సెంటీమీటర్లను 0.413చే గుణించి క్రియాటినిన్‌చే భాగింతురు. 110 సెంటీమీటర్ల మనుమరాలికి వచ్చునది సుమారు 38. ఆమెను వెంటనే వైద్యునికి చూపవలెను.

నేడు అనేక పరీక్షాశాలలు పెద్దలకు 2021 నాటి క్రొత్త సూత్రముతో, వయస్సును స్త్రీపురుషభేదమును చేర్చి, ఈ.జి.ఎఫ్.ఆర్. అను పేర ఫలితము నిచ్చుచున్నవి. అది మూడు మాసములకు పైగా 60కి లోబడి యున్నచో దీర్ఘవ్యాధి యని యెంతురు. ఒక్క పరీక్షతో భయపడరాదు. మరల చేయించి, మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదేమో కూడ చూపించుకొనవలెను.

ఈ వ్యాధి మొదట నొప్పి నీయదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడితోటల గ్రామములలో నిది యనేక కుటుంబముల నిడుమల పాలుచేసినది. కారణమింకను నిశ్చయముగ తేలలేదు. కావున పరీక్షకు పోవునపుడు సరియైన వయస్సు వ్రాయించుడు, ఈ.జి.ఎఫ్.ఆర్. ఎంతయని యడుగుడు. ఒడలినొప్పులకు మాత్రలను, విశేషించి వృద్ధులకు, వైద్యుని యడుగక వాడకుడు. అనేక మందుల మోతాదు ఈ లెక్కను బట్టియే నిర్ణయింపబడును.

చేని కొలత తెలియక విత్తనము కొనని మనము, మూత్రపిండముల కొలత తెలియక మాత్ర మ్రింగుట తగునా?