పెరటిలో వేడినీటి తొట్టె: స్థల నిర్ణయం, సన్నాహం

మలేసియాలోని సెలంగోర్ రాష్ట్రంలో, సెలంగోర్ నదీ ప్రాంతాన బటాంగ్ బెర్జుంటై అనే చిన్న పట్టణం ఉన్నది. 2007లో దీని పేరును బెస్తారి జయగా మార్చారు గాని, పెద్దల నోట నేటికీ పాత పేరే వినిపిస్తుంది. ఒకప్పుడు ఇది రబ్బరు తోటలకు, తగరపు గనులకు పేరుగన్న ప్రాంతం. తోటల లైను ఇళ్ళలో కాగులో నీళ్ళు కాచుకొని స్నానం చేసిన తరం వారి మనుమలు నేడు సొంత ఇళ్ళు కట్టుకొని, పెరటిలో వేడినీటి తొట్టె, అనగా హాట్ టబ్, అమర్చుకోవాలని ముచ్చటపడటం సహజమే. కీళ్ళనొప్పులతో బాధపడే పెద్దలకు అది ఉపశమనం కలిగిస్తుంది. అమెరికాలో స్థిరపడిన ఇటలీ సోదరులు జకూజీలు తమ కుటుంబంలో కీళ్ళవాతంతో బాధపడుతున్న బాలునికోసమే మొట్టమొదట నీటిని చిమ్మే పంపును రూపొందించారు. 1956లో అది విపణిలోకి వచ్చింది.

అయితే ఈ తొట్టెను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎంత ధర, ఏ రంగు అన్న ప్రశ్నలకంటె ముందు రావలసినది. నేల, విద్యుత్తు, గాలి, పసిపిల్లలు అనే నాలుగు విషయాలను ఆలోచించనిదే స్థలం నిర్ణయించరాదు. ఒక్కొక్కదానిని పరిశీలిద్దాం.

బరువు ఎంత?

ఒక లీటరు నీటి బరువు ఒక కిలోగ్రాము. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల తొట్టెలో సుమారు 1500 లీటర్ల నీరు పడుతుందనుకొందాం. తొట్టె బరువు 300 కిలోలు, అందులో కూర్చునే ఆరుగురి బరువు 420 కిలోలు కలిపితే మొత్తం 2220 కిలోలు. నాలుగు చదరపు మీటర్ల మీద దానిని పరిస్తే చదరపు మీటరుకు 555 కిలోలు. ఇంటి గదుల అంతస్తును సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువు మోసేటట్లు లెక్కకడతారు. కనుక మేడ మీదగాని, బాల్కనీలోగాని ఇంజనీరు లెక్క లేకుండ తొట్టెను పెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

గట్టి నేలకు ఈ భారం ఒక లెక్కలోనిది కాదు. కాని బటాంగ్ బెర్జుంటై పరిసరాల నేల అంతటా గట్టిది కాదు. పట్టణానికి చేరువలో రాజా మూసా అటవీ ప్రాంతపు పీట్ నేల ఉన్నది. వేల యేండ్లుగా నీటిలో మునిగి, పూర్తిగా కుళ్ళకుండ పేరుకొన్న ఆకులు, కొమ్మలు, వేళ్ళు దాని ముడిసరుకు. అందులో ఘనపదార్థం తక్కువ, నీరు ఎక్కువ. కాలువలు తవ్వి నీటిని తీసివేస్తే అది స్పాంజివలె కుంగుతుంది. అంతటితో ఆగక, గాలి సోకిన పదార్థం ఆక్సీకరణం చెంది బొగ్గుపులుసు వాయువుగా మారుతూ ఏటేటా కొంత కొంత తరిగిపోతుంది.

రెండవది గనుల నేల. తగరాన్ని వేరుచేసిన తరువాత మిగిలిన ఇసుక ఒకచోట, మెత్తని బంకమట్టి బురద ఇంకొకచోట పేరుకొన్నాయి. 1985 అక్టోబరులో అంతర్జాతీయ తగరపు మండలి దివాలా తీయగా ధర కూలి, గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ గుంటలు కొన్ని చెరువులుగా మిగిలాయి, కొన్నింటిని పూడ్చారు. పైకి చదునుగా కనిపించే పెరటిలో ఒక మూల ఇసుక, మరొక మూల బురద ఉండవచ్చును. అప్పుడు తొట్టె సమంగా కుంగక ఒకవైపు ఒరుగుతుంది. నీటిమట్టం ఒకపక్కకు చేరి పంపు గాలిని పీల్చుకొంటుంది, గొట్టాల అతుకులు విడిపోతాయి, తొట్టె గోడ బీటలు వారుతుంది.

కనుక మొదటి పని నేలను చూడటం. తొట్టె పెట్టదలచినచోట నాలుగు మూలలా మీటరు లోతున తవ్వి చూడాలి. ముదురు గోధుమరంగు పీచుమట్టిగాని, వేలితో నొక్కితే జారే బూడిదరంగు బంకమట్టిగాని కనిపిస్తే ఇంజనీరును పిలవక తప్పదు. అటువంటిచోట పైల్స్ మీద పునాది వేయవలసి రావచ్చును. పీట్ నీరు ఆమ్లగుణం కలది. దాని పీహెచ్ 4కు దిగువన కూడ ఉంటుంది. అది సాధారణ కాంక్రీటును, ఇనుపచువ్వలను క్రమంగా తినివేస్తుంది కనుక కాంక్రీటు మిశ్రమాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

గట్టి నేల అయితే పైమట్టిని తీసి, 15 సెంటీమీటర్ల మేర కంకర పోసి దిమ్మిస చేసి, దానిపైన ఇనుపవల పరచి కనీసం 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలక వేయవచ్చును. పలక తొట్టెకంటె అన్నివైపులా అర మీటరు వెడల్పుగా ఉంటే భారం విస్తరిస్తుంది, మరమ్మతుకు చోటు దొరుకుతుంది. తొట్టె కింది భాగం సమతలంగా ఉండాలి. చుట్టూ ఉన్న నేల మాత్రం కాలువవైపు వాలుగా ఉండాలి. ఈ పలకను ఇంటి పునాదితో కలపరాదు. పైల్స్ మీద నిలిచిన ఇల్లు కుంగదు, పెరడు కుంగుతుంది. రెంటినీ కలిపితే రెండూ పగులుతాయి.

విద్యుత్తు

తడిసిన శరీరం విద్యుత్తును సులభంగా ప్రవహింపనిస్తుంది. శరీరం గుండా కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ప్రవహించినా గుండె లయ తప్పవచ్చును. తొట్టె అంచునుంచి రెండు మీటర్లలోపు ప్లగ్గు, స్విచ్చి ఏదీ ఉండరాదు. పైన విద్యుత్ తీగలు పోరాదు. లీకేజీ కనిపెట్టి క్షణంలో సరఫరాను ఆపే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లకు మించనిదిగా ఉండాలి. దాని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. వరద ఎత్తుకు పైన విద్యుత్ పెట్టెను బిగించాలి. సెలంగోర్‌లో మధ్యాహ్నపు ఉరుములు నిత్యకృత్యం. ఉరుము వినబడగానే నీటిలోనుంచి లేచి ఇంటిలోకి రావాలి.

గాలి, ఎండ, చెట్టు

పొగవలె లేచే తుంపరలలో లెజియోనెల్లా అనే బాక్టీరియా ప్రయాణించగలదు. 1976లో ఫిలడెల్ఫియాలో ప్రబలిన వ్యాధి మూలంగా దీని ఉనికి బయటపడింది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పుష్పప్రదర్శనలో నమూనాగా నడిపిన వేడినీటి తొట్టె తుంపరల వలన 30 మందికి పైగా మరణించారు. వారు అందులో స్నానం చేసినవారు కారు, ప్రదర్శనను చూడవచ్చినవారు! కనుక పడకగది కిటికీ కింద, ఏసీ గాలి పీల్చుకొనేచోట తొట్టెను పెట్టరాదు.

ఈ క్రిమిని చంపేది క్లోరిన్. నీటిలో అది హైపోక్లోరస్ ఆమ్లంగా ఉన్నప్పుడే బలంగా పనిచేస్తుంది. పీహెచ్ 7.5 వద్ద అందులో సుమారు సగం ఆ రూపంలో ఉంటుంది, 8 వద్ద నాలుగోవంతే. నేరుగా ఎండ పడితే రక్షక రసాయనం లేని క్లోరిన్ గంటలోపే సగానికి తగ్గుతుంది. అందుచేత పైకప్పు నీడ మంచిది, చెట్టు నీడ మంచిది కాదు. రాలిన ఆకులు క్లోరిన్‌ను ఖర్చుచేస్తాయి. దురియన్ చెట్టు కిందనైతే పడే కాయతోనే ప్రమాదం! వాడని తొట్టెను మూతపెట్టకుండ వదిలితే వాన నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది. క్లోరిన్ పొడులను ఒకదానితో ఒకటి కలపరాదు. వాటిలో కొన్ని కలిస్తే మండి పేలుతాయి. వాడిన నీటిని క్లోరిన్ తగ్గే వరకు నిలవ ఉంచి వదలాలి. ఆ నదికి దిగువన, కాంపుంగ్ క్వాంటాన్ వద్ద, మిణుగురులు గుంపులుగా వెలిగే చెట్లున్నాయని మరువరాదు.

పిల్లలు

2002లో అమెరికాలో ఏడేండ్ల బాలిక వర్జీనియా గ్రేమ్ బేకర్, తొట్టె అడుగున నీటిని పీల్చే రంధ్రానికి అతుక్కుపోయి మరణించింది. 2007లో ఆమె పేరిట చట్టం వచ్చింది. కనుక అటువంటి రంధ్రాలకు ప్రమాణబద్ధమైన మూత ఉండాలి. వంటింటి కిటికీలోనుంచి చూస్తే తొట్టె కనబడాలి. చుట్టూ కనీసం 1.2 మీటర్ల కంచె, తనంతట తానే మూసుకొని గడియ పడే తలుపు, తాళం వేయదగిన మూత, ఈ మూడూ ఉండాలి. నీటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడుకు మించరాదు. గాలి తేమగా ఉండే మలేసియాలో చెమట ఆరదు కనుక శరీరం త్వరగా వేడెక్కుతుంది. పెద్దలు పావుగంటకు మించి కూర్చోకుండుట మేలు. గర్భవతులు, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అడిగిన తరువాతనే దిగవలెను.

ఇల్లు కట్టేముందు స్థలం చూపించే ఆచారం మనకు కొత్త కాదు. తొట్టెకు కూడ అంతే శ్రద్ధతో, పారతో తవ్వి, కొలబద్దతో కొలిచి, లెక్క వేసి స్థలం చూడటమే ఈ వ్యాసం కోరేది. పిమ్మట తాతయ్య మోకాళ్ళకు వేడినీరు, అమ్మమ్మ మనసుకు నిశ్చింత రెండూ దక్కుతాయి.